సగం మందు

స్కూటరు చప్పుడు సందు మలుపు తిరిగి వినపడకుండా పోయేదాకా దుర్గ వంటింట్లోంచి కదల్లేదు. పోయాక గంజి గిన్నె మీద మూత పెట్టి, పొయ్యి కట్టేసి, కొంగు నడుముకి బిగించింది. ఉదయ్ వెళ్ళింది చెట్లు కొట్టే బనమాళిని వెంటబెట్టుకు రావడానికి. బనమాళి ఇల్లు గోపాల్‌పూర్ రోడ్డు అవతల. అతను లేచి, ముఖం కడుక్కుని, రంపమూ మోకులూ సర్దుకోవాలి. ఆ తరవాత ఇద్దరూ దారిలో టీ తాగకుండా రారు. పనిలోకి దిగేముందు టీ పడకపోతే పని కలిసిరాదని ఉదయ్ నమ్మకం, కేరళ బోట్ల మీద పట్టుకున్న అలవాటు. ఆ టీ వేడిగా ఉండాలని, గ్లాసు పట్టుకోలేనంత వేడిగా ఉండాలని, ఇద్దరూ ఊదుకుంటూ ఊదుకుంటూ తాగాలని దుర్గ కోరుకుంది. స్నానాల గది వెనక రాత్రే దాచిపెట్టిన రెండు బకెట్లూ తీసింది. ఒకదాంట్లో మైలతుత్తం రాత్రంతా నాని, పండగనాటి ఆకాశంలా నీలంగా నిలిచి ఉంది. రెండోదాంట్లో సున్నం అడుక్కి దిగి పైన తేటనీళ్ళు తేలాయి. రెండూ ప్లాస్టిక్కువే, ఇనుప బకెట్టులో కలిపితే మందు పాడవుతుందని పురుగుమందుల కొట్టతను మరీ మరీ చెప్పాడు. చేపల కత్తి, పాత చీర ముక్కలు, నైలాను తాడు, ఒక మేకు, ఖాళీ ప్లాస్టిక్ డబ్బా, స్టూలు, బస్తాలాంటి పెద్ద పాలిథిన్ కవరు. ఒక్కసారిగా మోయలేక మూడు విడతలుగా మెట్లెక్కింది. మూడోసారి ఎక్కేటప్పుడు సందు వైపు చెవి పెట్టింది.

కొబ్బరిచెట్టు తల సరిగ్గా డాబా పిట్టగోడకి ఎదురుగా ఉంది. పొట్టి రకం. ఇంకో రెండేళ్ళు పోతే అందకుండా పోయేది. అందే ఎత్తులో ఉండగానే జబ్బుపడింది, అదీ ఒక అదృష్టమే అనుకుంటూ దుర్గ తాడు ఒక కొసని నీళ్ళ ట్యాంకు కాళ్ళకి, రెండో కొసని నడుముకి కట్టుకుంది. వలతాడు ముడి చేతులు వాటంతటవే వేసేశాయి, కళ్ళతో పని లేదు. స్టూలెక్కి ముందుకి వంగితే ఆ వాసన. నడినెత్తిన కత్తిలా నిలబడి ఉండవలసిన లేత మొవ్వాకు వాడి పక్కకి వాలిపోయింది. రెండు వేళ్ళతో పట్టి లాగితే చాలు, పాతిన అగరుబత్తి పుల్లలా చేతిలోకి వచ్చేసింది. మొదలు గోధుమరంగు, జిగురు, చెడిన పీతల వాసన. ముఖం తిప్పుకోలేదు దుర్గ. ముఖం తిప్పుకునేవాళ్ళకి చేపల బజారులో చోటు లేదని పుట్టినూరు చమఖండిలో తల్లి కాసమ్మ అనేది, తట్ట నెత్తినెత్తుకున్న మొదటిరోజు, ఈగలు ముక్కు మీద వాలుతుంటే. ఈ వాసనలో వెతకాల్సిందేమిటో తనకి తెలుసు. కుళ్ళు వాసన అడుగున ఇంకో వాసన, ప్రాణమున్న వాసన, ఉందా లేదా, అంతే. ఉంది అనిపించింది. ఉండాలి కాబట్టి అనిపించిందేమో.

పైనున్న లేత మట్టలు రెండూ మాడిపోయి ఉన్నాయి. వాటిని చూపించే నిన్న రాత్రి ఉదయ్ మాట తెగ్గొట్టాడు, మందేసినా ఆగలేదు, ఇంక లోపలంతా పోయింది, పక్కింటి రేకుల మీద పడకముందే కొట్టించేద్దాం అని. కానీ మాడిన తీరు చూడు, అని దుర్గ ఇప్పుడు ఎవరితోనో అన్నట్టుగా తనలో అనుకుంది. తెగులు మాడ్చినట్టు లేదు. పై నుంచి కిందికి చారలు చారలుగా, ఏదో కారినట్టు, కారిన మేరకే. వేడినూనె చిందిన చేతి మీద మచ్చల్లా. నిన్న మధ్యాహ్నం వరకూ తనూ ఈ చారల్ని చూస్తూ చూడలేదు. కొట్టతనికి ఫోను చేసి ఇంకేదైనా మందుందా అని ఒడియాలో అడిగితే, అతను మళ్ళీ పాత పాటే పాడాడు, తుతియా, చూన, తుతియా, చూన. మా ఆయన వేశాడయ్యా అంది. ఎంత చూన వేశాడు అన్నాడు. అప్పుడు ఏదో తట్టి, ఏ చూన అని అడిగింది. అతను నవ్వి, పాన్‌లో రాసుకునే చూన అమ్మా, ఇంకే చూన అన్నాడు. ఫోను పట్టుకుని దుర్గ వంటగట్టు మీద అలాగే కూర్చుండిపోయింది. చూన అంటే సున్నం. చునా అంటే పిండి. బియ్యపుపిండిని చునా అంటుంది వీధి వీధంతా, అట్లకి పోసేటప్పుడు తనూ అంటుంది. ఫోనులో, అందులోనూ స్కూటరు మీద పోతూ విన్న ఫోనులో, దీర్ఘం ఎక్కడుందో ఎవరికి తెలుస్తుంది. తుతియా చునా, మైలతుత్తం పొడి అనుకున్నాడు ఉదయ్. కొనుక్కొచ్చాడు, రోట్లో దంచాడు, ఆ రోలు కడగడానికి ఒక పూట పట్టింది. దంచిన పొడి పచ్చిగా, సున్నం చుక్క కూడా లేకుండా తెచ్చి చెట్టు నెత్తిన పోశాడు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పుట్టినప్పట్నుంచీ రెండూ నోట్లోనే ఉన్నాయి, ఒకదాని కాలు ఒకటి తొక్కుకోకుండా ఇన్నేళ్ళు నడిచాయి. నడిచి నడిచి ఈ చెట్టు దగ్గర తొక్కుకున్నాయి.

కుళ్ళిన మొదలు చుట్టూ ఉన్న నారని కత్తి మొనతో చీలుస్తూ, చెప్పాలి కదా, అనుకుంది. నిన్నే చెప్పాల్సింది. చెప్పబోయింది కూడా. అన్నం తింటుండగా మావా అని పిలిచింది. అతను తలెత్తకుండా మోకాలు ఒత్తుకుంటూ ఊఁ అన్నాడు, ఆ మోకాలు చూసి మాట మింగేసింది. ఆ మోకాలు బోటు మీద వల లాగే వించి తగిలి దెబ్బతిన్నది. దానివల్లే కేరళ ఒదిలి వచ్చేశాడు. ఆ మోకాలితోనే, డాబా మీంచి అందుతుంది మావా అని తను చెబుతున్నా వినకుండా, చెట్టుకి నిచ్చెన వేసుకుని పొడి పట్టుకుని ఎక్కాడు. సంబరంగా ఎక్కాడు. వచ్చినప్పట్నుంచీ అంతే, ఇంట్లో ఏదో ఒకటి బాగుచేస్తూ ఉండాలి, లేకపోతే కూర్చోలేడు. కారని కొళాయికి వాషరు మార్చాడు, మార్చాక కారింది. గేటుకి ఆకుపచ్చ రంగు వేశాడు. పొయ్యి తూర్పుకి తిప్పాడు, రెండు రోజులు తను పాత గోడ వైపుకే గరిటె చాచింది. కూతురు బేబీ భంజనగర్‌లో నర్సింగు చదువుతోంది, ఫోనులో విని పడీపడీ నవ్వింది, నాన్నకి సముద్రం లేదు కదమ్మా, ఇల్లునే ఊపుతున్నాడు అని. నిజమే. పన్నెండేళ్ళు ఏడాదికోసారి చుట్టంలా వచ్చిన మనిషి, ఇప్పుడు చుట్టం కాదని ఋజువు చేసుకోవాలంటే ఏదో ఒకటి చెయ్యాలి. చెయ్యనీ. పొయ్యి తిప్పుకోనీ. నువ్వు పోసిందే దీన్ని మాడ్చిందని అంటే అతని ముఖం ఎలా అవుతుందో దుర్గకి తెలుసు. గట్టిబడుతుంది. ముఖం గట్టిబడ్డాక ఉదయ్ ఏ మాటా వినడు, చెట్టు ఇంకా తొందరగా కొట్టిస్తాడు. మరి అనకపోతే? అనకపోయినా కొట్టిస్తాడు. అందుకే అనడం మానేసి రాత్రికి రాత్రే బకెట్లు నింపింది.

వెనక గోడ అవతల గిన్నె చప్పుడు ఆగింది. పక్కింటి సరళ నడుం మీద చెయ్యేసుకుని తలెత్తి చూస్తోంది.

"ఏటొదినా, సెట్టుకి తల దువ్వుతున్నావేటి?"

"పేలు సూస్తన్నాను."

"నడుముకి ఆ తాడేటి మరి? పారిపోతావని అన్నయ్య కట్టేసెల్లేడా?"

"నానే కట్టుకున్నాను. మీ రేకుల మీద పడితే మళ్ళీ నువ్వే గోల పెడతావు."

సరళ నవ్వింది గానీ ఆ నవ్వు అంచు కొంచెం వంగింది, రేకుల మాట మొదట ఎత్తింది ఆమే కాబట్టి. గిన్నె మళ్ళీ అందుకుంది. తరవాత, పడేదైతే గాలివానల్లో పడేదే అని, ఎవరికి వినిపించాలో తెలియనట్టు అనేసి లోపలికి పోయింది. అది సాయమో సర్దుబాటో దుర్గకి తేల్చుకునే తీరిక లేదు. కత్తి లోపలికి దిగింది. పొర మీద పొర. గోధుమరంగు ముద్ద, గుడ్డతో తుడవడం, మళ్ళీ ముద్ద. కొబ్బరికి పక్క కొమ్మ లేదు, పక్క చిగురు లేదు. అరటి అయితే నరికేసినా పక్కన పిలక లేస్తుంది, మునగ అయితే విరిచి పాతినా బతుకుతుంది. దీనికి ఉన్నది ఒకే ఒక్క మొవ్వు, లోపలెక్కడో, బొటనవేలంత. కుళ్ళు మిగిల్చితే కుళ్ళు దాన్ని తినేస్తుంది. కుళ్ళు మిగలకూడదని ఇంకాస్త లోతుకి పోతే కత్తే దాన్ని తినేస్తుంది. ఎక్కడ ఆగాలో చెప్పే గీత ఏదీ లోపల గీసి ఉండదు.

చెయ్యి ఆపి ఊపిరి పీల్చుకుంది. ఈ మూల అసలు చెట్టుకి కాదు. ఇల్లు కడుతున్నప్పుడు కేరళ నుంచి ఉదయ్ ఫోనులో గోడ గోడా చెప్పాడు, గది ఎటు, కిటికీ ఎటు, ఈ మూల ఖాళీగా ఒదిలెయ్, ముందుముందు ఆటో పెట్టుకుందాం అని. మేస్త్రీకి ఫోను అందిస్తూ, తీసుకుంటూ, అతని ఇల్లు అతని మాటల ప్రకారం లేస్తుంటే దుర్గ ఇటుకలు తడిపింది. తరవాత చమఖండి వెళ్ళినప్పుడు, పెరటి గట్టున మొలకెత్తిన కాయ ఒకటి తల్లి చేతిలో పెట్టింది. బస్సులో ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. కండక్టరు దానికి టిక్కెట్టు లేదా అని అడిగితే, చంటిది కదా బాబూ, ఒళ్ళోనే కూర్చుంది అంది. బస్సంతా నవ్వారు. దిగి నేరుగా ఆ మూలకే పోయి గొయ్యి తవ్వింది. ఎవర్నీ అడగలేదు. అడగకుండా చేసిన మొదటి పని, తవ్వుతున్నంతసేపూ గేటు వైపు చూస్తూనే ఉంది, దొంగతనం చేస్తున్నట్టు. రెండో ఆకు విప్పుకున్నాక గానీ ఫోనులో చెప్పలేదు. చెప్పాక అవతల కొంచెంసేపు బోటింజను చప్పుడు మాత్రమే వినిపించింది, సరేలే అన్నాడు. ఆ పెద్ద తుఫాను వచ్చిన ఏడాది, పిల్లల్ని మంచం కిందికి తోసి, తలుపు తీసుకుని వానలోకి పోయి, మొక్క మీద చేపల గంప బోర్లించి, గంప మీద రాళ్ళెత్తింది. తిరిగి లోపలికొచ్చేసరికి కొడుకు అమిత్ గుక్కపట్టి ఏడుస్తున్నాడు, అమ్మని గాలి ఎత్తుకుపోయిందని. మొక్క కోసం పిల్లల్ని ఒదిలి పోయిందని అత్తవైపు వాళ్ళు చాలాకాలం అన్నారు. అనడంలో తప్పు లేదు. కానీ గంప ఎత్తి చూస్తే అది ఉంది. ఇంట్లో మనిషి లేని అన్నేళ్ళూ పిల్లల చదువు, జ్వరాలు, అద్దెకొచ్చినవాళ్ళ తగువులు, రాత్రిళ్ళు గేటు చప్పుళ్ళు, అన్నీ తనే తేల్చుకుంది, ఒక్కోసారి ఈ చెట్టు మొదట్లో కూర్చుని. ఇప్పుడు మనిషి వచ్చాడు. రావడం మంచిదే. వచ్చినవాడు అన్నీ తనే తేల్చేస్తే, అన్నాళ్ళు తేల్చిన మనిషి ఎక్కడికి పోవాలి? పొయ్యి సంగతి వేరు. చెట్టు కాదు. చెట్టు ఇవ్వను.

కత్తి పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని, చూపుడువేలు ఆ గుంటలోకి దించింది. చేప చెడిందో లేదో కళ్ళు చెప్పవు, రంగు పూసి అమ్మేవాళ్ళున్నారు. ఐసులో పెడితే ముక్కుకీ తెలియదు. వేలు దిగబడితే పోయింది, వేలుని వెనక్కి తోస్తే కండ. ఒక వైపు మెత్తగా లోపలికి పోయింది. అక్కడ కత్తి మొన పెట్టి, గోరంత, మళ్ళీ గోరంత తీసింది. మళ్ళీ వేలు. ఇంకా మెత్తన. చెమట కనుబొమ మీంచి కారి కంట్లోకి వస్తున్నా తుడుచుకోలేదు. ఇంకొక్కసారి. కత్తి కదిలించే ముందు, ఇదే ఆఖరు, ఇక్కడ లేకపోతే ఇంకెక్కడా లేదు, అనుకుంది. గోధుమరంగు పొర చివరిది జారి వచ్చింది. కింద తెల్లగా, పాల మీగడ రంగులో, తడిగా, చల్లగా. వేలు పెట్టింది. తోసింది, వేలుని. వెనక్కి, గట్టిగా, చంటిపిల్ల చిగుళ్ళతో తోసినట్టు. ముక్కు దగ్గరికి తెచ్చుకుంటే లేత కొబ్బరి వాసన, అనుమానం లేకుండా. దుర్గ స్టూలు మీద అలాగే పిట్టగోడకి చెయ్యి ఆనించి నిలబడి, ముందు నీలం బకెట్టు ఎక్కడుందా అని చూసింది.

అప్పుడే సందు మలుపులో స్కూటరు. వెనకే సైకిలు బెల్లు. టీ చల్లగా ఇచ్చినట్టున్నాడు, పాపిష్ఠి టీకొట్టువాడు.

గేటు తెరుచుకోవడం, మోకుల కట్ట కింద పడెయ్యడం, ఉదయ్ వంటింట్లోకి పిలవడం, పలుకు లేకపోతే పెరట్లోకి రావడం, అన్నీ పైనుంచే విన్నది. ఆ తరవాత మెట్ల మీద అడుగులు, ఒక కాలు గట్టిగా, ఒక కాలు ఈడుస్తూ. పైకి వచ్చి తాడు చూశాడు, బకెట్లు చూశాడు, భార్య మోచేతుల దాకా అంటుకున్న మురికి చూశాడు.

"ఏటి సేస్తన్నావే?"

"బతికున్నాది మావా. నరకనివ్వను."

కింద బనమాళి ఉన్నాడని గొంతు తగ్గించి, మందు తను వేశాడు కదా, పని చెయ్యలేదు కదా అన్నాడు ఉదయ్. ముఖం గట్టిబడడం మొదలైంది, దవడ దగ్గర. గంట నుంచి ఈ జవాబు కోసమే తను కుళ్ళుతోపాటు మాటల్ని కూడా తవ్వుతోందని దుర్గకి అప్పుడు తెలిసింది. నువ్వు మాడ్చావు అనకూడదు. తెగులే మాడ్చిందని అబద్ధం చెప్పకూడదు, చెబితే రేపు ఇంకోటి మాడుతుంది. మేకు తీసి నీలం బకెట్టులో ముంచి, కొంతసేపు ఉంచి, పైకి తీసి చూపించింది. ఇనుప మేకు ఎర్రగా, రాగి పూసినట్టు ఉంది. సున్నం నీళ్ళు కలియబెట్టి, రెండూ ఖాళీ డబ్బాలోకి ఒకేసారి ఒంపింది. ఆకాశం రంగు ముద్ద చిక్కగా తయారైంది. ఇంకో మేకు లేదు, కత్తినే తుడిచి అందులో ముంచి తీసింది. కత్తి ఎలా వెళ్ళిందో అలాగే వచ్చింది.

"సున్నం కలిస్తే కాల్చదు. కలపకపోతే ఇనుముకే రంగు మారిపోతాది. అదే దీని నెత్తి మీద పోసేం."

"చునా అన్నాడు గదే ఆడు."

"చూన అన్నాడు. ఫోన్లో నానైనా అలాగే ఇందును." మేకు అతని వైపు చాచింది. "నువ్వేసింది మందే మావా. సగం మందు."

ఉదయ్ మేకు చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. పిట్టగోడ దాకా వచ్చి, ఆమె జరగకపోయినా పక్కనుంచి వంగి, ఎవరూ చెప్పకుండానే చూపుడువేలు గుంటలోకి దించాడు. అతనూ ఆ చేపల ఒడ్డున పుట్టినవాడే. వేలు అక్కడే ఉంచాడు. దవడ దగ్గర గట్టిదనం పోలేదు, కానీ అది ఇప్పుడు వేరే దేనికోసమో బిగిసినట్టుంది. పోసిన పొడి గుర్తొచ్చిందో, నిచ్చెన గుర్తొచ్చిందో. దుర్గ ముద్దలో గుడ్డ ముంచి, అతను చెయ్యి తీసేదాకా ఎదురుచూసి, గుంట అంచుల చుట్టూ మెత్తడం మొదలుపెట్టింది.

కింద బనమాళి అప్పటికే మోకు భుజానికి వేసుకుని, ఒక కాలు చెట్టుకి ఆనించాడు. పైన ఇద్దరూ వంగి ఉండడం చూసి ఆగాడు. వచ్చే దారిలో ఒకటి విన్నాడు, ఇప్పుడు ఇంకోటి కనిపిస్తోంది. భావుజో, అంటే వదినా, అని దుర్గని పిలిచి, పిలిచాక ఉదయ్ వంక తిరిగి, "కాహా కొథా సుణిబి?" అని అడిగాడు, ఎవరి మాట వినమంటారు అని, వెటకారం లేకుండా, పని మొదలెట్టే మనిషికి తెలియాలి కాబట్టి.

దుర్గ చెయ్యి ఆగింది. గుడ్డ మీంచి నీలం చుక్క పిట్టగోడ మీద పడింది. ఈ మాటకి తను జవాబు చెప్పెయ్యగలదు, గొంతులో సిద్ధంగా ఉంది. కానీ నడుముకి తాడుతో, చేతినిండా మందుతో, ఆమె నోరు విప్పలేదు. బనమాళి అడిగింది ఉదయ్‌ని.

ఉదయ్ వేలికి అంటిన తడిని లుంగీకి తుడుచుకున్నాడు. పెరటి మూల కేసి, గేటు కేసి, తన ఆకుపచ్చ రంగు కేసి చూసి, తరవాత కిందికి వంగాడు.

"సెట్టు దానిది. దాన్నడుగు."

బనమాళి తల ఇటు తిప్పాడు. దుర్గ మాడిన మట్టలు రెండింటినీ గుడ్డతో చూపించి, వాటి కొసలు మాత్రం తియ్యమంది, పచ్చని భాగం మీద కత్తి పడకూడదంది, మోకు మొవ్వు పక్కకి రాకూడదంది. అతను తల ఊపి ఎక్కడం మొదలుపెట్టాడు. ఆమె పాలిథిన్ కవరు విప్పి ఒక కొస భర్తకి అందించింది.

"పట్టుకో మావా. గాలి పోవాలి, వాన పడకూడదు. నా వేపు లాగకు, నీ వేపు ఒంచు."

అతను ఒంచాడు. కొంచెం ఎక్కువే ఒంచాడు. ఆమె చెబితే సరిచేశాడు.